ఒకే చతురస్రం, ఏడు బడులు: పాశ్చాత్య విద్యాచింతనను చేసి చూసి తెలుసుకునే పద్ధతి

బీఎడ్, డీఎడ్ చదివేవాళ్లకూ, టెట్‌కూ డీఎస్సీకీ తయారయ్యేవాళ్లకూ విద్యా తత్త్వవేత్తల పట్టిక కొత్తది కాదు. రూసో పేరు ఎదుట ప్రకృతివాదం, డ్యూయీ ఎదుట వ్యవహారికసత్తావాదం, ఫ్రోబెల్ ఎదుట కిండర్‌గార్టెన్. పరీక్షకు ఆ పట్టిక చాలు. కానీ సోక్రటీస్ అడిగే ప్రశ్నకూ జర్మన్ విద్యావేత్త హెర్బార్ట్ పాఠంలో టీచరు అడిగే ప్రశ్నకూ తేడా ఏమిటంటే ఆ పట్టిక జవాబు చెప్పదు. రెండు రకాల ప్రశ్నలూ పిల్లల్ని అడిగి చూసినవాళ్లకు మాత్రం ఆ తేడా ఒక్క పీరియడ్‌లో తెలిసిపోతుంది.

అందుకే ఈ పద్ధతి. చతురస్రం అనే ఒక్క విషయాన్ని తీసుకుని, ఏడు కాలాల బడుల్లో ఎలా చెప్పేవారో అలాగే చెప్పి చూడాలి. చూస్తున్నంతసేపూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ప్రతి పద్ధతీ ఏదో ఒక నిజమైన ఇబ్బందిలోంచి పుట్టింది. ఒక్క గురువుకు మూడువందల మంది పిల్లలు, అర్థం కాని లాటిన్ మాటల బరువు, పలకలు కొనలేని పేదరికం, బతుకుతో సంబంధం తెగిపోయిన పాఠాలు. ఆ ఇబ్బంది ఏమిటో తెలియకుండా పద్ధతిని అరువు తెచ్చుకుంటే అది ఎందుకు పనిచేయడం లేదో కూడా తెలియదు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఆరు, ఏడు తరగతుల పిల్లలు 20 నుంచి 40 మంది ఉంటే సరిపోతుంది. మాంటిస్సోరి పాఠానికి మాత్రం నాలుగైదేళ్ల పిల్లలు కావాలి. దగ్గర్లోని అంగన్‌వాడీలో అడిగి చేయవచ్చు. తరగతి దొరకని ఛాత్రోపాధ్యాయులు (శిక్షణలో ఉన్న టీచర్లు) ఎనిమిది మంది కలిసి తామే పిల్లలై కూర్చోవచ్చు గానీ, మొదటి పాఠం అప్పుడు పండదు. సూత్రం వాళ్లకు ముందే తెలుసు కదా.

వారానికి రెండు పాఠాల చొప్పున నాలుగు వారాలు పెట్టుకోండి. ఒకే రోజు రెండు పెడితే మొదటి దాని అలవాటు రెండో దానిలోకి వచ్చేస్తుంది, పిల్లలకే కాదు టీచరుకు కూడా.

పాఠం చెప్పేవారు ఒకరు, వెనక కూర్చుని రాసేవారు ఒకరు ఉండాలి. రాసేవారి నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీయండి. ఒకటి, టీచరు మాట్లాడిన నిమిషాలు (ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి). రెండు, ఎవరైనా తప్పు చేసిన మరుక్షణం జరిగింది. మూడు, ఏ క్షణంలోనైనా నిజంగా పని చేస్తున్న పిల్లలెందరు. నాలుగు, జవాబు సరైనదని చివరికి తేల్చింది ఎవరు: టీచరా, చేతిలోని కార్డా, తోటి పిల్లవాడా, ఎదురుగా ఉన్న వస్తువా. అన్నిటికన్నా విలువైనది ఈ నాలుగో గడి. విద్యాచింతన ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడే కనిపిస్తుంది.

సామాను: గళ్ల నోటుపుస్తకాలు, సుద్దముక్కలు, పలకలు, జల్లించిన పొడి ఇసుక 15 కిలోలు, దళసరి అట్టలు, కత్తెర, బ్లేడు, లావు ఉన్నిదారం 100 మీటర్లు, మొద్దు మొన ఉన్న పెద్ద సూదులు, గింజ తీయని పత్తి అరకిలో, గ్రాములు చూపే వంటింటి త్రాసు.

మొదటి పాఠం: ఏథెన్సు నేల మీద

క్రీ.పూ. 4వ శతాబ్దంలో ప్లేటో రాసిన ‘మెనో’ అనే సంభాషణలో సోక్రటీస్ చదువు రాని ఒక బానిస కుర్రవాణ్ని పిలిచి, 2 అడుగుల భుజమున్న చతురస్రం చూపిస్తాడు. దాని వైశాల్యం 4. దీనికి రెట్టింపు వైశాల్యమున్న చతురస్రానికి భుజం ఎంత ఉండాలి? ఇదీ ప్రశ్న.

నేల మీద సుద్దతో 2 అడుగుల చతురస్రం గీసి, లోపల నాలుగు గళ్లు చేయండి. ఒక్క పిల్లనో పిల్లవాణ్నో పిలవండి. మిగతావాళ్లు చుట్టూ నిలబడి చూడాలి, నోరు విప్పకూడదు. మన తరగతుల్లో అందరూ ఒకేసారి జవాబు అరవడం అలవాటు కాబట్టి ఈ షరతు ముందే గట్టిగా చెప్పండి. ఒక్క గొంతు మధ్యలో పడినా పాఠం అక్కడితో అయిపోయినట్టే.

దాదాపు ప్రతి పిల్లా మొదట ‘భుజం 4’ అంటుంది. ఆ కుర్రవాడూ అదే అన్నాడు. తప్పు అనకండి. ‘గీయి’ అనండి. గీసి గళ్లు లెక్కపెడితే 16 వస్తాయి. తర్వాత ‘అయితే 3’ అంటుంది. గీస్తే 9. ఇక్కడ ఆగాలి. కనీసం రెండు నిమిషాలు ఏమీ చెప్పకుండా ఉండాలి. ‘తెలియడం లేదు’ అనే మాట పిల్ల నోట వచ్చిన క్షణమే ఈ పాఠానికి గుండెకాయ. సోక్రటీస్ ఇక్కడే కుర్రవాడి యజమాని మెనో వైపు తిరిగి, తెలియదని తెలుసుకోవడం వల్ల ఈ కుర్రవాడికి మేలే జరిగిందంటాడు.

ఆ తర్వాత 16 గళ్ల చతురస్రంలో, నాలుగు మూలల్లో ఉన్న నాలుగు 2 అడుగుల చతురస్రాలకూ కర్ణాలు గీయిస్తే మధ్యలో ఏటవాలుగా మరో చతురస్రం ఏర్పడుతుంది. లోపల ఎన్ని సగం ముక్కలున్నాయో లెక్కపెట్టనివ్వండి. నాలుగు సగాలు, ఒక్కోటి 2, కాబట్టి వైశాల్యం 8.

చెడిపోయేది ఎక్కడంటే, ‘అవునా కాదా’ ప్రశ్నల దగ్గర. మూల గ్రంథంలో కూడా కుర్రవాడి జవాబులు చాలావరకు ‘అవును’లే, కర్ణం సంగతి ముందుగా తెచ్చేది సోక్రటీసే. కాబట్టి ప్రశ్న రూపంలో జవాబు చెప్పేయడం చాలా సులువు. ‘కర్ణం గీస్తే ఎలా ఉంటుంది, రెట్టింపు వస్తుంది కదా?’ అంటే అది ప్రశ్న కాదు. ‘ఎంత’, ‘ఎక్కడ’, ‘ఎలా తెలిసింది’ అనే మాటలతో మొదలయ్యే ప్రశ్నలే అడగాలని ముందే నియమం పెట్టుకోండి. నేర్చుకుందో లేదో తెలియాలంటే మర్నాడు 3 అడుగుల చతురస్రం ఇచ్చి రెట్టింపు చేయమనండి. నేరుగా కర్ణం గీస్తే నేర్చుకున్నట్టు. మళ్లీ 6 అంటే నిన్న మీరు నడిపించారు, తను మీ వెంట నడిచిందంతే.

ప్లేటో దీనితో చెప్పదలచుకున్నది వేరు: జ్ఞానం ఆత్మలో ముందే ఉంది, గురువు గుర్తుచేస్తాడంతే. ఆ మాటను ఒప్పుకోకపోయినా పద్ధతి నిలుస్తుంది. దాని పరిమితి మీ మూడో గడిలో కనిపిస్తుంది. అరగంటసేపు పనిచేసిన పిల్లలు ఒక్కరే.

మధ్యయుగాల మీదుగా త్వరగా వెళ్లవచ్చు. వ్యాకరణం, తర్కం, వాగ్మిత అనే మూడూ, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం అనే నాలుగూ కలిపి ఏడు విద్యలుగా విశ్వవిద్యాలయాల్లో చెప్పేవారు. వాటి వాదపద్ధతిని పెద్దవాళ్లే పావుగంట చేసి చూడండి: ఒక ప్రశ్న పెట్టి, ముందు మీకు వ్యతిరేకమైన వాదాలు మూడు మీరే బలంగా చెప్పాలి, తర్వాత మీ నిర్ణయం, ఆ తర్వాత ఒక్కో వాదానికీ జవాబు. వ్యతిరేక వాదాన్ని నీరసంగా చెబితే ఓడినట్టే లెక్క.

రెండో పాఠం: కొమీనియస్ బొమ్మ పేజీ

లాటిన్ మాటలు అర్థం తెలియకుండా బట్టీ పట్టే పిల్లల్ని చూసి, చెక్ దేశస్థుడైన కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో ఒక బొమ్మల పాఠ్యపుస్తకం అచ్చు వేయించాడు. దాని పేజీ అమరిక చాలా తెలివైనది. పైన ఒక బొమ్మ, బొమ్మలోని వస్తువుల మీద అంకెలు, కింద వాక్యాలు, వాక్యాల్లో ఆ వస్తువుల పేర్ల పక్కన అవే అంకెలు. లాటిన్ ఒక వరుస, జర్మన్ పక్క వరుస.

అలాంటి పేజీ ఒకటి చేయించండి. పిల్లల్ని కడుతున్న ఇంటి దగ్గరికో బడి వరండాలోకో తీసుకెళ్లి ముందు వస్తువుల్ని చూపించాలి. తర్వాత బొమ్మ, ఆ తర్వాతే మాట. వరస మారకూడదు. గోడ 1, కిటికీ 2, ఊచలు 3, గచ్చు పలక (టైల్) 4, దాని అంచు 5, మూల 6. అంకెలు పదికి మించితే పిల్లల కళ్లు బొమ్మను వదిలి అంకెల వెంట పరుగెత్తుతాయి. ఒకవైపు తెలుగు, మరోవైపు ఇంగ్లీషు వాక్యాలు రాయిస్తే ఆయన చేసినదానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ జరిగే తప్పు ఒక్కటే, పిల్లలు ఎన్నడూ చూడని వస్తువు బొమ్మ పెట్టడం. అప్పుడు బొమ్మ కూడా మరో బట్టీ మాటే అవుతుంది. ఈనాటి రంగుల చార్టుల్లో సగం ఈ తప్పే చేస్తున్నాయి.

మూడో పాఠం: రూసో పరుగుపందెం

1762లో వచ్చిన ‘ఎమిలీ’లో రూసో పిల్లవాడికి దూరాలు అంచనా వేయడం నేర్పే తీరు ఇది. మిఠాయి కోసం పరుగుపందెం పెడతారు. దారుల పొడవులు సమానం కావు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఓడి ఓడి పిల్లవాడు తనే పసిగడతాడు, ముందు అడుగులతో కొలుస్తాడు, చివరికి కంటితో కొలవడం వస్తుంది.

ఆటస్థలంలో ఒకే గమ్యానికి మూడు చోట్ల నుంచి దారులు వేయండి: 30, 36, 42 మీటర్లు. నేరుగా కనబడకుండా చెట్లనో స్తంభాలనో చుట్టి వచ్చేలా పెడితే కంటికి తేడా వెంటనే అందదు. గెలిచినవారికి పల్లీపట్టీ. వివరణ ఇవ్వకూడదు, సలహా ఇవ్వకూడదు. మూడు నాలుగు రోజులు రోజుకు పది నిమిషాల చొప్పున సాగాలి. ‘మాస్టారూ, ఈ దారి పొడుగు’ అని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ‘ఎంత పొడుగు?’ అని మాత్రం అడగండి.

మనకు కష్టమయ్యేది నోరు మూసుకోవడం. రెండో రోజుకే చెప్పేయాలనిపిస్తుంది. చెబితే ఇది మామూలు కొలతల పాఠమైపోతుంది. నాలుగో గడిలో ఇక్కడ తొలిసారి ‘వస్తువు’ అని రాసే అవకాశం వస్తుంది. తప్పు జరిగిందని చెప్పింది నేల.

రూసో గురించి చెప్పేటప్పుడు దాటవేయకూడని సంగతులు రెండున్నాయి. ఆయన ఊహించిన బడిలో ఒక పిల్లవాడికి ఒక గురువు, అదీ పెళ్లీడు వచ్చేదాకా. ఇక అయిదో భాగంలో సోఫీ అనే ఆడపిల్లకు చెప్పిన చదువు మగవాణ్ని మెప్పించడానికి పనికొచ్చేది. దీన్ని 1792లో ఇంగ్లీషు రచయిత్రి మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ గట్టిగా ఖండించింది. స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన పుస్తకం సగం మంది పిల్లల్ని బయట నిలబెట్టిందని తరగతిలో చెప్పి తీరాలి. పందెంలో ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టే అలవాటు ఉన్న చోట మరీను.

నాలుగో పాఠం: ఇసుక మీద రాత, ఎగ్మోరు నుంచి లండనుకు

ఈ కథలో మన నేల ఉంది. 1789 నుంచి మద్రాసు ఎగ్మోరులోని సైనిక అనాథ బాలుర శరణాలయాన్ని చూసుకున్న ఆండ్రూ బెల్, వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. దాన్ని తన బడిలో పెట్టి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించి, 1797లో లండనులో ఆ ప్రయోగం గురించి ప్రచురించాడు. ఆ తర్వాతి ఏడాది లండను బరో రోడ్డులో బడి మొదలుపెట్టిన జోసెఫ్ లాంకాస్టర్ ఇలాంటి పద్ధతినే చాలా పెద్ద ఎత్తున నడిపాడు. ఇద్దరిలో ఎవరు ముందన్న తగువు ఏళ్ల తరబడి సాగింది. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్, తన జిల్లా దేశీ బడుల మీద పంపిన నివేదికలో, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ రాశాడు. అదే నివేదికలో లెక్క: 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అంటే బడికి సగటున పన్నెండు మంది. లాంకాస్టర్ చేతిలో అదే పద్ధతి ఒక్క గదిలో వందల మందికి పాకింది. పన్నెండు మంది మధ్య పనిచేసింది మూడువందల మంది మధ్య ఏమవుతుందో చూడటమే ఈ పాఠం.

ఎనిమిది మందికి ఒక జట్టు, జట్టుకు ఒక మానిటర్. ఒక జట్టుకు వరండాలో ఇసుక పట్టీ పరవండి: అడుగు వెడల్పు, 10 అడుగుల పొడవు, ఒక సెంటీమీటరు మందం. 15 కిలోలు పడుతుంది. ఇసుక తడిగా ఉంటే గీత అంచులు విరిగిపోతాయి, మరీ మెత్తనిదైతే దుమ్ము లేస్తుంది. ఒక సన్న జల్లెడ పట్టి ఎండలో రెండు గంటలు ఆరబెడితే సరిగ్గా ఉంటుంది. చదును చేయడానికి అడుగు స్కేలు చాలు. మిగతా జట్లకు పలకలు ఇవ్వండి, లాంకాస్టర్ కూడా పై తరగతులకు పలకలే వాడాడు.

ప్రతి మానిటర్‌కూ ఒక కార్డు ఇవ్వండి. 1 నుంచి 12 దాకా చతురస్రాల వైశాల్యాలు దాని మీద రాసి ఉంటాయి. మానిటర్ ‘భుజం 7’ అని చదువుతాడు, జట్టు ఇసుకలో 49 రాస్తుంది, మానిటర్ కార్డు చూసి సరిచూస్తాడు, ఈల వేస్తే చదును, తర్వాతి అంకె. ఒక్కో దానికి 30 సెకన్లు. టీచరు మాట్లాడకూడదు, ఈల మాత్రమే. చదవడం వచ్చిన ఏ కుర్రవాడైనా తనకు తెలియని లెక్కను కూడా కార్డు చూసి చెప్పగలడని లాంకాస్టర్ గర్వంగా చెప్పుకున్నాడు.

ఆ మాటను పరీక్షించండి. ఒకే ఒక్క జట్టు కార్డులో 8 ఎదుట 62 అని రాయండి. ఎంతమంది అడ్డుకుంటారో వెనక ఉన్నవారు లెక్కపెట్టాలి. సరిగ్గా 64 రాసిన పిల్లలు కూడా మానిటర్ ‘తప్పు’ అనగానే చెరిపేసి 62 దిద్దడం కనబడితే, 19వ శతాబ్దం మధ్యకల్లా ఇంగ్లండు ఈ పద్ధతిని ఎందుకు వదిలేసిందో వేరే చెప్పనక్కర్లేదు. పీరియడ్ అయ్యేలోపు అందరి ముందూ ఆ తప్పు మీరు కావాలని పెట్టిందేనని చెప్పి సరిదిద్దండి, ఆ మానిటర్‌ను ముందుగా సమాధానపరచండి. ఇది మరిచిపోవద్దు. లాంకాస్టర్ బడిలో తప్పు చేసిన పిల్లల మెడకు కొయ్యదుంగ తగిలించేవారు, బుట్టలో పెట్టి గది కప్పుకు వేలాడదీసేవారు. పద్ధతిని అనుకరిస్తున్నామని ఆ అవమానంలో రవ్వంత కూడా మన గదిలోకి రానివ్వకూడదు.

మూడో గడి మాత్రం చూడండి. పిల్లలందరూ, పీరియడ్ అంతా, పని చేస్తూనే ఉన్నారు. ఖర్చు దాదాపు సున్నా. ఈ పద్ధతికి అంత పేరెందుకు వచ్చిందో కూడా న్యాయంగా ఒప్పుకోవాలి.

అయిదో పాఠం: పెస్టాలజీ గోడ, హెర్బార్ట్ మెట్లు

స్విట్జర్లాండులోని బర్గ్‌డార్ఫ్ బడిలో పెస్టాలజీ పిల్లల చేత పాత గోడకాగితంలోని చిరుగుల్ని చూసి మాటల్లో చెప్పించేవాడు. మొదట ‘చిరుగు ఉంది’, తర్వాత ‘పొడవైన చిరుగు ఉంది’, అలా పెంచుకుంటూ పోవడం. మన బడి గోడ మీద బీటతో పది నిమిషాలు ఇదే చేయండి. ఆయనకు చదువు మూడు వేళ్ల మీద నిలుస్తుంది: సంఖ్య, ఆకారం, మాట. ఆకారాలన్నిటికీ మూలం చతురస్రమని నమ్మి దాన్ని గళ్లుగా విభజించి భిన్నాలు నేర్పించాడు. ఆ బడిని చూసి వచ్చిన హెర్బార్ట్ 1802లో రాసిన పుస్తకంలో చతురస్రం బదులు త్రిభుజాన్ని మూలంగా పెట్టాడు. 20 సెం.మీ. చదరపు కాగితాన్ని పిల్లల చేత మడిపిస్తే ఇద్దరి వాదనా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది: అడ్డంగా, నిలువుగా మడిస్తే నాలుగు చతురస్రాలు, మూలల మీదుగా మడిస్తే నాలుగు త్రిభుజాలు.

పెస్టాలజీ పాఠం ఎక్కడ పాడైందంటే, ఆయన పేరు చెప్పుకుని ఇంగ్లండులో నడిచిన వస్తుపాఠాల్లో. గాజుముక్క చూపించి ‘నునుపు, గట్టి, పారదర్శకం’ అని పిల్లల చేత వల్లె వేయించారు. చూడటం పోయి మళ్లీ మాటల జాబితా మిగిలింది.

హెర్బార్ట్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మన ఛాత్రోపాధ్యాయులు రాసే లెసన్ ప్లాన్ ఆయన వంశానిదే. ఆయన చెప్పినవి నాలుగు దశలు. శిష్యపరంపరలో జిల్లర్ మొదటి దశను రెండు చేశాడు, జర్మనీలోని యేనాలో రైన్ ఇప్పుడు మనకు తెలిసిన పేర్లు పెట్టాడు: సన్నాహం, ప్రదర్శన, సంసర్గం (పోల్చి కలపడం), సాధారణీకరణం, అన్వయం. 45 నిమిషాలకు ఇలా పంచుకోండి.

సన్నాహం 5 నిమిషాలు. తరగతి గచ్చు పలకలు (టైల్స్) లెక్కపెట్టించండి. ‘నిన్న ఏం చదువుకున్నాం?’ అన్న ప్రశ్న సన్నాహం కిందికి రాదు, పిల్లల మనసులో ఉన్న ఏ ఆలోచనను లేపాలో ఎంచుకుని అడగడమే సన్నాహం. ఇది అయ్యాక ఈరోజు ఏం తెలుసుకోబోతున్నామో ఒక్క వాక్యంలో చెప్పాలి.

ప్రదర్శన 15 నిమిషాలు. గళ్ల కాగితం మీద మూడు దీర్ఘచతురస్రాలు: 3×5, 2×8, 4×4. గళ్లు లెక్కపెట్టి, వరుసలుగా చూసి, వైశాల్యం రాయాలి.

సంసర్గం 8 నిమిషాలు. 2×8, 4×4 పక్కపక్కన పెట్టండి. వైశాల్యం రెండింటికీ 16. చుట్టుకొలత ఒకదానికి 20, మరోదానికి 16. పిల్లలు ఆశ్చర్యపోయేది ఇక్కడే.

సాధారణీకరణం 7 నిమిషాలు. నియమాన్ని పిల్లలే తమ మాటల్లో చెప్పాలి. ముప్పావు వంతు పాఠాలు ఇక్కడే కుప్పకూలుతాయి. గంట కొట్టే టైమ్ అవుతోందని టీచరు సూత్రం బోర్డు మీద రాసేస్తారు. రాసిన మరుక్షణం ముందు మూడు మెట్లూ వృథా.

అన్వయం 10 నిమిషాలు. లాంకాస్టర్ గదినే లెక్కగా ఇవ్వండి: 70 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు గదిలో 320 మంది పిల్లలు పడతారని ఆయన లెక్క. వైశాల్యం 2,240 చదరపు అడుగులు, తలకు 7. నేల మీద సుద్దతో 7 చదరపు అడుగుల చోటు గీసి ఒకరిని అందులో నిలబెడితే, నాలుగో పాఠం పిల్లలకు రెండోసారి అర్థమవుతుంది.

హెర్బార్ట్ అనుచరులు ఈ అయిదు మెట్లనూ ఒక ఆలోచనా యూనిట్ మొత్తానికి ఉద్దేశించారు. వాటిని ప్రతి పీరియడ్‌లోనూ దూర్చడం పరిశీలకుడి చెక్‌లిస్టు కోసం వచ్చిన అలవాటు. ఒకే పాఠాన్ని మూడు పీరియడ్లకు పరిచి కూడా చేసి చూడండి, సాధారణీకరణం పిల్లల నోట వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఆరో పాఠం: మాంటిస్సోరి మూడు దశలు

1907 జనవరిలో రోము శాన్ లొరెంజో పేదవాడలో మరియా మాంటిస్సోరి తొలి బాలగృహం తెరిచింది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్లపాటు మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది.

అట్టతో మూడు ఆకారాలు కత్తిరించండి: 10 సెం.మీ. చతురస్రం, అంతే వెడల్పున్న వృత్తం, త్రిభుజం. మూడూ ఒకే రంగు, ఒకే మందం ఉండాలి. తేడా ఆకారంలో ఒక్కదానిలోనే కనబడాలి. మన బజారు బొమ్మల్లో చతురస్రం ఎరుపు, వృత్తం నీలం ఉంటాయి, పిల్ల రంగును గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కోదానికి 14 సెం.మీ. అట్టలో సరిపడా రంధ్రం కోసి చట్రం చేయండి. చుట్టూ ఒక మిల్లీమీటరు వదులు ఉంచాలి. బిగువైతే పిల్ల చేయి ఓడిపోతుంది, వదులెక్కువైతే తప్పు ముక్క కూడా పట్టేస్తుంది.

ఒక్క పిల్ల పక్కన కూర్చోండి. రెండు వేళ్లతో చతురస్రం అంచును నెమ్మదిగా తడిమి, పిల్ల చేత కూడా తడిమించి ‘ఇది చతురస్రం’ అనండి, అంతే. వృత్తానికీ అలాగే. ఇది మొదటి దశ. రెండో దశలో ‘చతురస్రం నా చేతికివ్వు’, ‘వృత్తం కిటికీ దగ్గర పెట్టు’ అంటూ పదిసార్లయినా ఆడించండి. ఎక్కువసేపు గడపవలసింది ఇక్కడే. మూడో దశలో చూపించి ‘ఇదేమిటి?’ అనాలి. మొత్తం అయిదు నిమిషాలు దాటకూడదు. రెండో దశలో పిల్ల తప్పు చేస్తే ‘కాదు’ అనకండి, మొదటి దశకు వెళ్లండి, లేదా నవ్వుతూ ఆపేసి రేపు మొదలుపెట్టండి. మూడు దశల ఈ తీరు ఫ్రెంచి వైద్యుడు సెగాన్ నుంచి ఆమె తీసుకున్నది.

గరుకు కాగితపు అక్షరాల మీద వేలితో దిద్దడం చూసి కొత్తదనుకుంటాం. క్రీ.శ. 1వ శతాబ్దంలో రోము గురువు క్వింటిలియన్ చెక్క మీద అక్షరాలు చెక్కించి, ఆ గాడిలో పిల్లల చేత గంటం నడిపించమన్నాడు. వీధిబడి ఇసుక అక్షరమూ ఆ కుటుంబానిదే అనిపిస్తుంది. అయితే మాంటిస్సోరి దగ్గర కొత్తది చట్రం. సరిగ్గా పట్టిందో లేదో పిల్లకు అదే చెబుతుంది, టీచరు ముఖం చూడనక్కర్లేదు. నలభై మందిని ఒకేసారి కూర్చోబెట్టి ‘చతురస్రం’ అనిపిస్తే మాత్రం సామాను మాంటిస్సోరిది, పాఠం లాంకాస్టర్‌ది అవుతుంది.

ఏడో పాఠం: డ్యూయీ, పత్తి నుంచి గుడ్డ దాకా

1896లో షికాగో విశ్వవిద్యాలయంలో మొదలైన ప్రయోగశాల బడిలో పిల్లలు గింజల నుంచి దూది వలిచి చూశారని జాన్ డ్యూయీ రాశాడు. అరగంట కష్టపడితే ఒక ఔన్సు కూడా రాలేదు, అంటే 28 గ్రాముల లోపే. దాంతో తమ పూర్వీకులు నూలు బట్టల కంటే ఉన్ని ఎందుకు ఎక్కువ కట్టారో, పత్తి గింజ తీసే యంత్రం ఎందుకు అంత పెద్ద మార్పు తెచ్చిందో వాళ్లకే తోచింది.

ఇక్కడ చతురస్రాన్ని కాసేపు పక్కన పెట్టాలి. డ్యూయీ దృష్టిలో లెక్క పని మధ్యలో అవసరమై రావాలి, పని లెక్క కోసం పుట్టకూడదు. పత్తి తీతల కాలంలో, అక్టోబరు నుంచి జనవరి మధ్య, ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా చాలా ఊళ్లలో పిల్లల ఇళ్లలోనే పత్తి ఉంటుంది. నలుగురికి 50 గ్రాములు ఇచ్చి అరగంట వలవమనండి, తర్వాత దూదినీ గింజల్నీ వేరువేరుగా తూచండి. పూర్తిగా వలిస్తే దూది మూడో వంతుకు అటూఇటూ తేలుతుంది. పత్తి ఏరడానికి బడి మానే పిల్లలు తరగతిలో ఉంటే, వాళ్ల చేతులు మిగతావాళ్ల కంటే ఎందుకు వేగంగా కదులుతున్నాయో అందరికీ తెలుస్తుంది. ఆ మాట వచ్చినప్పుడు దాన్ని దాటవేయకండి.

ఇది ప్రాజెక్టు పేరుతో ఎలా చెడిపోతుందో మనకు బాగా తెలుసు. 1918లో డ్యూయీ శిష్యుడు కిల్‌పాట్రిక్, ప్రాజెక్టు అంటే పిల్లలు మనసారా పూనుకున్న, ఉద్దేశం ఉన్న పని అని వివరించాడు. మన ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) మార్కుల్లో ప్రాజెక్టు పని ఒక అంశమయ్యాక, స్టేషనరీ దుకాణంలో కొన్న బొమ్మల చార్టు కూడా ప్రాజెక్టుగా చెల్లుతోంది. ఒక చిన్న పరీక్ష ఉంది. పని మధ్యలో పిల్లలు మీరు ఊహించని ప్రశ్న కనీసం ఒకటి అడిగారా? అడగకపోతే ఆ పని మీది.

తర్వాతి రెండు పీరియడ్లలో నేత. 12 సెం.మీ. అట్టకు పైనా కిందా సెంటీమీటరుకొకటి చొప్పున 11 గాట్లు పెట్టి, ఉన్నిదారంతో పడుగు (నిలువు దారాలు) చుట్టి, సూదితో పేక (అడ్డదారం) నేయాలి. పేక మరీ బిగించి లాగితే అంచులు నడుములా లోపలికి పోతాయి, ప్రతి వరుసనూ విల్లులా వదులుగా వేసి తర్వాత కిందికి నొక్కితే నిలుస్తుంది. 10 సెం.మీ. చదరపు గుడ్డకు సుమారు 5 మీటర్ల దారం పడుతుంది. ప్రతి జట్టూ ఎంత వాడిందో కొలిచి రాసుకోవాలి.

అది పూర్తయ్యాక, దీనికి రెట్టింపు గుడ్డ వచ్చే చతురస్రం నేయమనండి. దారం ఎంత కావాలో వాళ్లనే అడగండి. 10 మీటర్లు అంటారు. 10 మీటర్లే ఇవ్వండి, ఇంకేమీ చెప్పకండి. చాలా జట్లు 20 సెం.మీ. గుడ్డకు అట్ట కత్తిరిస్తాయి, సగమైనా నేయకుండానే దారం అయిపోతుంది, అప్పుడు లెక్క కోసం వాళ్లే మీ దగ్గరికొస్తారు. మొదటి పాఠంలో నేల మీద కర్ణం గీయడం చూసిన పిల్లలు ఏ జట్టులో ఉన్నారో వెనక ఉన్నవారు ముందే రాసి పెట్టుకోవాలి. వాళ్లలో ఎవరైనా పాత గుడ్డను మూల నుంచి మూలకు కొలిచి 14 సెం.మీ. గుడ్డకు అట్ట కత్తిరిస్తే, ఆ 10 మీటర్లూ సరిపోతాయి.